సీతమ్మ పుట్టింటికి పాసు

అక్టోబరు 9, 1967

ఆయన స్టేషన్ నుంచి పాడైపోయిన ఫారాలు తెచ్చారు, పొయ్యి రాజేసుకోమని. వెనకవైపు తెల్లగా ఉన్నాయి. ఓ పాతిక కాగితాలు తీసి దారంతో కుట్టుకున్నాను. అయిదో తరగతి మానేశాక నాకంటూ ఉన్న పుస్తకం ఇదే. తవుడు డబ్బాలో దాస్తాను. ఆవు పని నాదే కాబట్టి అత్త ఆ డబ్బా ముట్టుకోదు.

ఏం రాయాలో తోచలేదు. ఇవాళ్టికి చాలు.

అక్టోబరు 12

నిన్న తాబేలు స్వామి ఊరు వెళ్ళొచ్చాం. ఆ ఊరి పేరు నేను అనను, రాయను కూడా. ఆయన పేరు అందులో ఉంది. మొగుడి పేరు నోట్లోంచి వస్తే ఆయుష్షు తగ్గుతుందని అమ్మ చెప్పేది. అమ్మ చెప్పిన వాటిలో నాకు గుర్తున్నవి రెండో మూడో. అందులో ఇదొకటి.

శ్రీకాకుళంలో బస్సెక్కాక ఆయన సోడా తాగడానికి దిగారు. కండక్టరు వచ్చి ఎక్కడికమ్మా అన్నాడు. నేను డబ్బులు చాపి ఊరుకున్నాను. మళ్ళీ అడిగాడు. తల వంచుకున్నాను. పక్కనున్న ముసలమ్మ నా మొహం చూసి నవ్వేసింది. "ఆ పిల్ల సెప్పదు బాబూ. మొగుడి పేరయ్యుంటాది. స్వామి ఊరికి రెండు కొట్టు."

బస్సంతా నవ్వారు. ఆయన ఎక్కాక సంగతి తెలిసి ఆయనా నవ్వారు. ఇంటికొచ్చి అత్తకి గొప్పగా చెప్పుకున్నారు, నా పెళ్ళాం అలాంటిదని. అత్త కూడా సంతోషించింది.

నవంబరు 3

స్టేషన్ మాస్టరు గారి అత్తగారు వచ్చారు. రెండేళ్ళ కిందట నేపాళం వెళ్ళొచ్చారట. అది వేరే దేశమట గాని మనవాళ్ళకి పాసుపోర్టు అక్కర్లేదట. పశుపతినాథుణ్ణి చూశారట. దారిలో జనకపురం చూశారట. సీతమ్మ పుట్టిల్లు. అక్కడ ఆడవాళ్ళకి పుట్టింటి నుంచి ఇచ్చినట్టు పసుపు, కుంకుమ చేతిలో పెడతారట. "మన సొంత అమ్మ ఇచ్చినట్టే ఉంటుందమ్మా" అన్నారావిడ.

వంటింట్లోకి వెళ్ళి కాసేపు నిలబడ్డాను.

నాకు పెళ్ళయి మూడేళ్ళు. నాన్న రెండో పెళ్ళి చేసుకున్నాక ఆ ఇంటి నుంచి సారె రాలేదు, ఆషాఢానికి పిలుపూ రాలేదు. అందుకు అత్త నన్ను ఎప్పుడూ దెప్పలేదు. అది రాయాలి.

నవంబరు 6

ఆయనతో చెప్పాను. చెప్పడానికి మూడు రోజులు పట్టింది. అన్నం పెడుతూ చెప్పాను. ఆయన ముద్ద ఆపి, "నేపాలమేటి, నీకు మతి గాని పోయిందా?" అన్నారు. రైల్వే వాళ్ళకి ఏటా పాసు ఇస్తారు కదా, సరిహద్దు దాకా ఉత్తినే వెళ్ళొచ్చు కదా, మధ్యలో దిగి చూసుకుని మళ్ళీ ఎక్కొచ్చు కదా అన్నాను. ఆయన చాలాసేపు నా వైపు చూశారు. అన్ని మాటలు ఒకేసారి నేనెప్పుడూ అనలేదు.

పన్నెండు రోజులకి మించి సెలవు దొరకదన్నారు. అన్నీ చూసి పన్నెండు రోజుల్లో తిరిగొచ్చేలా దారి కట్టు, కడితే తీసుకెళ్తానన్నారు.

నవ్వుతూ అన్నారు. అయినా అన్నారు.

నవంబరు 14

స్టేషన్ నుంచి పాత టైము టేబిలు తెచ్చి ఇచ్చారు. అంతా ఇంగ్లీషు. అంకెలు నాకు వచ్చు. ఊళ్ళ పేర్లు అమ్మడు చదివి పెడుతోంది. ఆయన చెల్లెలు, ఎనిమిది దాకా చదివింది. బొబ్బిలిలో అత్తవారు. నాలుగేళ్ళయినా పిల్లలు లేరని వాళ్ళు ఓ నెల ఉంచుకుంటారు, ఓ నెల ఇక్కడికి పంపేస్తారు. ఇక్కడున్నప్పుడు నాకు తోడు.

ఇద్దరం పెరట్లో జామచెట్టు కింద కూర్చుని పుస్తకం మధ్యలో పెట్టుకున్నాం. ఇంత లావు పుస్తకంలో మన ఊరు ఓ చీమంత ఉంది, చూడొదినా అంటుంది.

నవంబరు 21

పదహారు రోజులు వచ్చింది.

నవంబరు 30

పద్నాలుగు. గయ తీసేశాను.

డిసెంబరు 8

పదమూడు. ఒక్క రోజు ఎక్కడా తగ్గటం లేదు. అమ్మడు జనకపురం తీసెయ్యమంది. కావాలంటే ఖాట్మండు తీసేస్తాను గాని అది తియ్యనన్నాను. "పసుపతి లేకుండా నేపాలమేటి వొదినా" అని నవ్వింది.

డిసెంబరు 11

కుదిరింది.

కలకత్తాలో ఆగకపోతే సరి. కాళీ గుడి వదులుకోవాలి. మొదటిరోజు సాయంత్రం మన దగ్గర మెయిలు ఎక్కితే రెండోరోజు మధ్యాహ్నానికి హౌరా. అదే సాయంత్రం ఇంకో బండి. సమస్తిపూర్, దర్భంగా. మూడోరోజు చీకటి పడేసరికి జయనగర్, మన దేశం అక్కడితో ఆఖరు. నాలుగోరోజు పొద్దున్న నేపాళం వాళ్ళ చిన్న రైలు, చాలా నెమ్మదిగా వెళ్తుందట. జనకపురంలో ఒకటిన్నర రోజు. మళ్ళీ దర్భంగా మీదుగా రక్సౌల్. అక్కణ్ణుంచి కొండల మీద బస్సు, పగలంతా. ఖాట్మండులో రెండు రాత్రులు. పన్నెండోరోజుకి ఇంట్లో.

మంచి కాగితం మీద మళ్ళీ రాసి ఆయనకి చూపించాను. వేలు పెట్టి ఒక్కొక్క బండీ చూసుకున్నారు. ఒక్క తప్పు దొరకలేదు. "ఇది స్టేషన్ మాస్టరు కూడా కట్టలేడు" అన్నారు.

ఆ మాట ఇక్కడ రాసుకుంటున్నాను.

జనవరి 10, 1968

కోటబొమ్మాళి సంతలో ఆయనకి ఉన్ని మఫ్లరు కొన్నాను. నాకు రగ్గు చాలు. రాగిచోళ్ళు వేయించి పిండి దంచాలి, పన్నెండు రోజులకి సరిపడా. వేరుశనగ ఉండలు చివరి వారం చేస్తాను, లేకపోతే అమ్మడే తినేస్తుంది.

జనవరి 27

పాసు వచ్చింది. చేతికిచ్చారు. చెయ్యి కడుక్కుని పట్టుకున్నాను. నా పేరుండదట, ఆయన పేరు కింద తను, భార్య అని మాత్రమే రాస్తారట. భార్య అన్న మాట ఏదో చూపించమన్నాను. చూపించారు. ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు. అమ్మడు కూడా తొంగి చూసింది.

ఆ నాలుగు అక్షరాలూ నేను.

ఫిబ్రవరి 7

అత్త, ఆయన, అమ్మడు వీధి గదిలో మాట్లాడుకుంటున్నారు. మజ్జిగ పట్టుకెళ్తే ఆపేశారు. అమ్మడు కాపురం సంగతి అయి ఉంటుంది. బొబ్బిలి నుంచి ఉత్తరం వచ్చిన దగ్గర నుంచి అత్త సరిగ్గా తినటం లేదు.

ఫిబ్రవరి 9

సెలవు ఇవ్వలేదట.

ఫిబ్రవరి 10

సెలవు ఇవ్వకపోగా, ఖరగ్‌పూర్‌లో ఏదో పని నేర్పిస్తారట, అక్కడికి వెళ్ళమన్నారట. పన్నెండు రోజులు. పాసు ఏమయిందని అడిగాను. తిరిగి ఇచ్చేశానన్నారు. నా వైపు చూడలేదు. ఆయనకీ బాధగా ఉండి ఉంటుంది. ఎంత ఆశపడ్డానో చూశారు కదా, నా మొహం ఎలా చూస్తారు.

అత్త రాత్రి నాకు గడ్డ పెరుగు వేసింది.

ఫిబ్రవరి 12

అమ్మడిని బొబ్బిలి పంపేస్తున్నారు. ఎర్రంచు చీర ఇవ్వొదినా, అక్కడ మంచివి లేవంది. ఇచ్చాను. ప్రయాణానికని తీసి పెట్టుకున్నది. ఇంక నాకెందుకు?

ఆయన దాన్ని బొబ్బిలిలో దింపి అటు నుంచి అటే ఖరగ్‌పూర్ వెళ్తారట. బొబ్బిలి ఇటు, ఖరగ్‌పూర్ అటు. టైము టేబిలు చదివినదాన్ని, నాకు తెలుసు. బొబ్బిలిలో దాని అత్తవారితో మాట్లాడవలసి ఉండి ఉంటుంది.

మఫ్లరు పెట్టెలో పెట్టుకున్నారు. చోడిపిండి కూడా కట్టి ఇమ్మంది అత్త, పాడైపోతుందని. కట్టాను.

ఫిబ్రవరి 13

సాయంత్రం మెయిలుకి వెళ్ళారు.

ఫిబ్రవరి 14

దారి రాసిన కాగితం పెట్టెలో లేదు. టైము టేబిలూ లేదు. ఎలకలు కాగితం తింటాయి గాని అంత లావు పుస్తకం తినవు. ఆయనే స్టేషన్లో తిరిగి ఇచ్చేసి ఉంటారు.

ఫిబ్రవరి 16

వెళ్ళి ఉంటే ఇవాళ జనకపురం.

ఫిబ్రవరి 20

వెళ్ళి ఉంటే ఇవాళ పశుపతి. ఊరికే లెక్క చూసుకుంటున్నాను. అత్త ఇవాళ ఉపవాసం ఉంది. ఎందుకత్తా అంటే, ఏదో అనిపించిందే అంది. శివరాత్రికి ఇంకా ఆరు రోజులున్నాయి.

ఫిబ్రవరి 24

వచ్చేశారు. నేను కట్టిన దారిలో పన్నెండోరోజు ఏ బండికి రావాలో ఆ బండికే వచ్చారు.

అమ్మడు కూడా వచ్చింది. బొబ్బిలిలో ఉండనివ్వలేదట. జ్వరంతో ఉంది. పెదాలు పగిలిపోయాయి, చలి ప్రదేశం నుంచి వచ్చినట్టు. నేను కాళ్ళకి నీళ్ళిచ్చాను. ఎర్రంచు చీర ఉతకడానికి వేసింది. కొంగున ముడి ఉంది. విప్పితే కుంకుమ.

బొబ్బిలిలో కూడా కుంకుమ దొరుకుతుంది.

మార్చి 2

తెలుసు. నాకు తెలుసు. రాయటం లేదంతే.

మార్చి 11

ఇవాళ అత్త చెప్పింది. చెప్పాలని చెప్పలేదు. ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది, అందుకు చెప్పింది.

నేను పేడకళ్ళెత్తి వచ్చేసరికి ముగ్గురూ ఉన్నారు. అత్త, "లక్ష్మణమ్మా, కూకో. నీకో మాట సెప్పాల" అంది. నిలబడే ఉన్నాను.

అమ్మడు మొగుడు ఇంకో పెళ్ళి చేసుకుంటానని ఉత్తరం రాశాడట. దాని కడుపు పండాలని అత్త పశుపతికి మొక్కుకుందట. పాసు చేతిలో ఉంది, దారి కాగితం మీద ఉంది. పెళ్ళయిన చెల్లెలికి పాసు ఇవ్వరు. అందుకని అమ్మడు భార్యగా వెళ్ళింది.

"దాని కాపురం పోతే మళ్ళీ రాదు. నీకేటే, నీకు వయసున్నాది. ఒచ్చే ఏడాది ఎల్తావు" అంది అత్త.

తిరిగొచ్చేటప్పుడు కటకం దాటాక టీటీ ఎక్కాడట. మన తెలుగాయనే, పార్వతీపురం వైపు. పాసు చూశాడు. అమ్మడిని నీ పేరేమిటమ్మా అని అడిగాడు. లక్ష్మణమ్మ అని చెప్పింది. మీ ఆయన పేరేమిటన్నాడు. చటుక్కున చెప్పేసింది. అన్న పేరే కదా, పుట్టిన దగ్గర నుంచి పిలుస్తున్న పేరు, సిగ్గెందుకు పడుతుంది? టీటీ పాసు మడిచి జేబులో పెట్టుకుని, "మా ఇంట్లో పాతికేళ్ళ బట్టి నా పేరు పలకలేదు. నీకంత తేలికగా ఎలా వచ్చిందమ్మా" అన్నాడట. అంతే, పైకి రాసేశాడు.

ఇన్‌స్పెక్టరు వస్తాడట, అసలు భార్యని చూడటానికి. వెళ్ళింది నేనే అని చెప్పాలి. లేకపోతే ఆయన ఉద్యోగం పోవచ్చు.

ఆయన నేల చూస్తూ అన్నారు. "ఏటేటి అడుగుతారో అన్నీ నీకు తెలుసు. దారి నువ్వే కట్టావు. ఆఖర్న నా పేరు అడుగుతారు. తల వంచుకో. నీకు అలవాటే గదా."

మార్చి 12

నన్ను అడిగి ఉంటే ఒప్పుకునేదాన్ని. అమ్మడు ఏడిస్తే నేను చూడలేను. నేనే సర్ది పంపేదాన్ని. చోడిపిండి ఇంకాస్త చేసేదాన్ని. వాళ్ళకి అది తెలుసు. మూడేళ్ళుగా ఈ ఇంట్లో ఏది అడిగితే కాదన్నాను?

అయినా అడగలేదు.

మార్చి 13

నేను తవుడు తీస్తుంటే అమ్మడు వెనకాల వచ్చి నిలబడింది. చిన్న పొట్లం చేతిలో పెట్టింది. జనకపురం పసుపు, కుంకుమ. "నీ పేరు సెప్పే తీసుకున్నానొదినా" అంది. నిజమే, నా పేరే చెప్పి ఉంటుంది. వదిన కోసం అని కాదు, తనే లక్ష్మణమ్మనని.

జామచెట్టు కింద నాకు ఊళ్ళ పేర్లు చదివి పెట్టిన పిల్ల. ఎప్పటి నుంచి తెలుసని అడిగాను. ఏడ్చింది. పొట్లం విప్పలేదు. ఈ కాగితాల పక్కనే ఉంది.

మార్చి 15

ఆయన్ని అడిగాను, జనకపురం ఎలా ఉందని. ఇన్‌స్పెక్టరు అడిగితే చెప్పాలి కదా అనుకుని చెప్పారు. తెల్లటి గుడి, పెద్దది, చాలా ద్వారాలు. చిన్న రైలు కన్నా నడిచి వెళ్ళడం నయం. అమ్మడికి చలిజ్వరం వస్తే గంటలో తిరిగి రైలెక్కేసి, మిగతా కాలం దర్భంగాలో ఆగారట.

గంట.

నేను ఒకటిన్నర రోజు పెట్టాను. ఆ ఒకటిన్నర రోజు కోసం కలకత్తా వదులుకున్నాను, గయ వదులుకున్నాను.

మార్చి 19

రేపు వస్తాడట. అత్త దిష్టి తీసింది, నాకు. ఎర్రంచు చీర కట్టుకోమంది.

మార్చి 20

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఇన్‌స్పెక్టరు పెద్దవాడు, కళ్ళజోడు. వీధి గదిలో కుర్చీ వేశారు. నన్ను చాప మీద కూర్చోమన్నాడు. ఆయన గుమ్మం దగ్గర, అత్త వంటింటి తలుపు వెనకాల. అమ్మడిని పక్కింటికి పంపేశారు.

ఏ రోజు బయల్దేరారమ్మా అన్నాడు. చెప్పాను. హౌరాలో ఎంతసేపు, తరవాత ఏ బండి, ఎక్కడ మారారు. అన్నీ చెప్పాను. జయనగర్ దగ్గర దేశం అయిపోతుందని, చిన్న రైలు నెమ్మదిగా వెళ్తుందని చెప్పాను. తెల్లటి గుడి, ద్వారాలు, రక్సౌల్, కొండల మీద బస్సు. నేను ఎప్పుడూ ఎవరితోనూ అంతసేపు మాట్లాడలేదు. ఓసారి తలెత్తితే గుమ్మం దగ్గర ఆయన నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

ఇన్‌స్పెక్టరు రాస్తూ నవ్వాడు. "ఎందరో అధికార్లు కూడా ఇంత బాగా తిరగలేదమ్మా. అదృష్టవంతులు, సీతమ్మ పుట్టిల్లు చూసొచ్చారు. అది కూడా రాసేశాను. ఇంక ఒక్కటే, ఊరికే అడుగుతున్నాను. మీ ఆయన పేరు?"

తల వంచితే అయిపోయేది. వంచబోయాను కూడా. అప్పుడు ఇన్‌స్పెక్టరు చేతిలో కాగితం కనబడింది. నేను చూసొచ్చానని అందులో రాసి ఉంది. ఆ కాగితం వెళ్ళిపోతే నేను వెళ్ళొచ్చినట్టే. ఇంక ఎప్పుడైనా, ఎవరినైనా, నన్ను తీసుకెళ్ళండి అని అడగడానికి ఉండదు. మొన్ననే కదా వెళ్ళావు అంటారు.

"కూర్మారావు" అన్నాను.

ఇంటి పేరు కూడా చెప్పాను. గట్టిగానే వచ్చింది. వంటింట్లో గిన్నె పడింది.

ఇన్‌స్పెక్టరు కలం ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన వైపు చూడలేదు, నా వైపే చూశాడు. "జనకపురం చూశారా అమ్మా?" అని మళ్ళీ అడిగాడు, ఈసారి నెమ్మదిగా.

"చూడలేదండి. దారి కట్టింది నేను. వెళ్ళింది నేను కాదు."

మార్చి 21

ఆవుకి దాణా పెట్టాను.

మార్చి 29

అత్త నా చేత్తో నీళ్ళు తాగటం లేదు. పొరుగావిడతో అంటోంది, నాకు వినబడేలా. "మొగుడి పేరు నోరారా సెప్పి కూడు తీసేసింది. ఇలాంటిదని తెలిస్తే ఇంట్లో కాలు పెట్టనిచ్చీదాన్నా."

ఆయన ఆయుష్షుకి ఏమీ కాలేదు. రెండు పూటలా అన్నం తింటున్నారు. ఆకు దగ్గర నేను వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి చాలంటారు. నేను పన్నెండు రోజుల దారి కట్టినప్పుడు వేలు పెట్టి చూసుకున్న చెయ్యి.

ఏప్రిల్ 17

ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగం ఉంది. మూడేళ్ళు పాసులు లేవు, ఎక్కడో ఒరిస్సా లోపలికి బదిలీ. ముందు ఆయన ఒక్కరూ వెళ్తారట. నన్ను ఎప్పుడు పిలుస్తారో చెప్పలేదు. ఉద్యోగం ఉన్నందుకు నాకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెలీదు.

అమ్మడిని బొబ్బిలి నుంచి వచ్చి తీసుకెళ్ళారు. మొక్కు ఫలించిందని అత్త అంది. బాగుండాలి. నిజంగానే అనుకుంటున్నాను. కానీ వెళ్ళేటప్పుడు అది నా కాళ్ళ వైపు వంగితే కాళ్ళు వెనక్కి తీసుకున్నాను.

ఏప్రిల్ 28

పొద్దున్న పని అయ్యాక చీర మార్చుకున్నాను. పొట్లం కొంగున కట్టుకున్నాను. గుడికి వెళ్ళొస్తానని అత్తకి చెప్పాను. ఎవరితో అని అడగలేదు. నేనూ చెప్పలేదు.

ప్యాసింజరులో శ్రీకాకుళం రోడ్డు దాకా వెళ్ళాను, అక్కణ్ణుంచి ఊళ్ళోకి. బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టరు అతనే. నన్ను గుర్తుపట్టలేదు, ఎందుకు పడతాడు.

"ఎక్కడికమ్మా?"

"శ్రీకూర్మం."

"ఎంతమంది?"

"ఒక్కదాన్నే" అన్నాను.